స్కేట్‌బోర్డుకు సర్కారు సొమ్ము: ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

మా అమ్మాయి స్కేట్‌బోర్డు పోటీలకు వెళ్తుందని తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "దెబ్బలు తగలవా?" అని. రెండోది "దీనికి గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా?" అని. మొదటిదానికి జవాబు, తగులుతాయి. రెండోదానికి కూడా జవాబు అవుననే, కానీ ఆ డబ్బు తల్లిదండ్రుల చేతికి రాదు. సంఘానికి వస్తుంది. ఏ సంఘానికి, ఎవరిస్తారు, ఏ షరతు మీద ఇస్తారు అన్నది తెలిస్తే చాలా తిరుగుడు తప్పుతుంది. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను కాబట్టి ముఖ్యంగా ఇక్కడి సంగతే రాస్తున్నాను. అమెరికా, ఇండియా విషయం చివర్లో కొంచెం చెబుతాను.

స్కేట్‌బోర్డింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయించింది 2016 ఆగస్టులో. అప్పటిదాకా ఇది ఎవరి అజమాయిషీ లేని వీధి ఆట. అజమాయిషీ అంటే గిట్టనివాళ్ళ ఆట అని కూడా అనొచ్చు. లండన్‌లో సౌత్‌బ్యాంక్ కింది అండర్‌క్రాఫ్ట్‌ను దుకాణాలకు ఇవ్వబోతే స్కేటర్లు ఏడాదికి పైగా పోరాడి 2014లో దాన్ని నిలబెట్టుకున్నారు. అలాంటివాళ్ళకు కమిటీలు, మినిట్స్, ఆడిట్లు అంటే ఒళ్ళు మంట. కానీ ఒలింపిక్ ఆట అయ్యాక తప్పలేదు. అంతర్జాతీయంగా రోలర్ స్కేటింగ్ సమాఖ్య, స్కేట్‌బోర్డింగ్ సమాఖ్య కలిసి 2017లో వరల్డ్ స్కేట్ అయ్యాయి. బ్రిటన్‌లో ఆ బాధ్యత స్కేట్‌బోర్డ్ జీబీది. బోర్డులు పట్టుకుని నిలబడ్డ గుంపుకు ప్రభుత్వం చెక్కు రాయలేదు కదా. దానికి ఒక పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా, లెక్కలకు జవాబు చెప్పే డైరెక్టర్లు కావాలి. 2017 నుంచి క్రీడా పాలనా నియమావళి కూడా ఉంది. పెద్ద మొత్తం తీసుకునే సంఘం బోర్డులో కనీసం నాలుగోవంతు మంది బయటివాళ్ళు ఉండాలి, స్త్రీలైనా పురుషులైనా 30 శాతానికి తగ్గకూడదు.

ఇక్కడ అసలు తెలుసుకోవాల్సింది, బ్రిటన్‌లో క్రీడల డబ్బుకు రెండు వేర్వేరు సంచులు ఉన్నాయని. ఒకటి యూకే స్పోర్ట్. రెండోది స్పోర్ట్ ఇంగ్లండ్ (స్కాట్లండ్, వేల్స్‌లకు వాటి సొంత మండళ్ళు ఉన్నాయి). రెండింటికీ ప్రభుత్వ ఖజానా నుంచీ, నేషనల్ లాటరీ నుంచీ డబ్బు వస్తుంది. కానీ అవి అడిగే ప్రశ్నలు వేరు. యూకే స్పోర్ట్ "పతకం తెస్తారా?" అంటుంది. స్పోర్ట్ ఇంగ్లండ్ "ఇప్పటిదాకా ఆడనివాళ్ళను ఆడిస్తారా?" అంటుంది. ఒకరి ప్రశ్నకు రాసిన జవాబు ఇంకొకరికి పంపితే ఎంత మంచి అప్లికేషనైనా తిరిగొస్తుంది.

యూకే స్పోర్ట్ ఎంత కఠినమో మనవాళ్ళకు తెలిసిన ఆటతో చెబుతాను. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు వచ్చింది ఒకే ఒక్క స్వర్ణం. మరుసటి ఏడాది నుంచి లాటరీ డబ్బును పతకాలు వచ్చే ఆటల మీద గుమ్మరించడం మొదలుపెట్టారు. 2012 లండన్ నాటికి స్వర్ణాలు 29 అయ్యాయి. ఆ లెక్కకు బలైనవాటిలో బ్యాడ్మింటన్ ఒకటి. 2016 రియోలో మన సింధు రజతం గెలిచినప్పుడే, బ్రిటన్ జోడీ మార్కస్ ఎల్లిస్, క్రిస్ లాంగ్రిజ్ పురుషుల డబుల్స్‌లో కాంస్యం తెచ్చారు. ఒక పతకం అన్న లక్ష్యం నెరవేరింది. అయినా ఆ డిసెంబరులో తర్వాతి నాలుగేళ్ళకు యూకే స్పోర్ట్ బ్యాడ్మింటన్‌కు సున్నా చుట్టింది. అంతకుముందు నాలుగేళ్ళకు ఇచ్చింది సుమారు 57 లక్షల పౌండ్లు. తర్వాత కొంత తిరిగి వచ్చిందనుకోండి. తెచ్చిన పతకానికి కాదు, తేబోయే పతకానికే డబ్బు అన్నది వాళ్ళ సూత్రం. నాకది అన్యాయంగానే తోస్తుంది, కానీ దాచిపెట్టిన సూత్రమేమీ కాదు.

స్కేట్‌బోర్డింగ్‌కు ఆ సూత్రం కలిసొచ్చింది. టోక్యో ముందు స్వల్పంగా మొదలైన సాయం పారిస్ నాటికి పెరిగింది. 2021లో టోక్యోలో పార్క్ విభాగంలో స్కై బ్రౌన్ కాంస్యం గెలిచినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 28 రోజులు. 2024లో పారిస్‌లో మళ్ళీ కాంస్యం తెచ్చింది. అదే పారిస్‌లో బ్రిటన్ తరఫున ఆండీ మెక్‌డొనాల్డ్ యాభయ్యో పడి దాటి బరిలో దిగాడు. ఈ ఆటలో పన్నెండేళ్ళ పిల్లకూ అవకాశం దొరికిందని చూసి మనం మురిసిపోతాం గానీ, చోట్లు ఎన్నో చూడండి. పారిస్‌లో ఒక్కో విభాగానికి ప్రపంచమంతా కలిపి 22 మంది. ఒక్కో దేశానికి ముగ్గురికి మించి లేదు. ఆ ముగ్గురిలో లేకపోయినా పోటీ స్థాయిలో ఉన్న పిల్లలకు ఏముంది అన్నదే మనలాంటివాళ్ళ ప్రశ్న.

పై స్థాయి పిల్లలను వరల్డ్ క్లాస్ ప్రోగ్రామ్‌లో చేర్చుకుంటారు. శిక్షణ, ఫిజియో, ప్రయాణాలు దాని కింద వస్తాయి. జీవన ఖర్చులకు అథ్లీట్ పెర్ఫార్మెన్స్ అవార్డు అని విడిగా ఉంటుంది. అది జీతం కాదు, బయటి ఆదాయం ఎక్కువుంటే తగ్గుతుంది. చదువుకుంటున్న పదహారు దాటినవాళ్ళకు టాస్ అనే స్కాలర్‌షిప్ పథకం ఉంది (మీ పిల్లల ఆట ఆ ఏడాది జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి). స్పోర్ట్స్ ఎయిడ్ అనే చారిటీ ఉంది, 1976 నుంచీ వర్ధమాన క్రీడాకారులకు చిన్న మొత్తాలు ఇస్తోంది. వీటన్నిటికీ ద్వారం ఒక్కటే. జాతీయ సంఘం మీ పిల్లల పేరు పంపాలి. మీరు ఎంత బాగా ఉత్తరం రాసినా నేరుగా తీసుకోరు. కాబట్టి పోటీల్లో ఆడే పిల్లలను సంఘంలో సభ్యులుగా చేర్పించండి. ఇన్‌స్టాగ్రామ్ వీడియోలకంటే జాతీయ పోటీల ఫలితాల పట్టికలో పేరుండడం ముఖ్యం. పేరు వెళ్ళేదాకా పెట్రోలు, హోటలు, మూడు నెలలకోసారి అరిగిపోయే బూట్లు, అన్నీ ఇంటి ఖాతాలోనే. మా ఇంట్లో ఇప్పటికీ అంతే.

పాస్‌పోర్టు సంగతి చాలామంది ఆలస్యంగా ఆలోచిస్తారు. ఒలింపిక్ చార్టర్ 41వ నియమం ప్రకారం ఏ దేశం తరఫున ఆడితే ఆ దేశ పౌరులై ఉండాలి. మీరు వర్క్ వీసా మీద ఉండగా ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతో బ్రిటిష్ పౌరులు కారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఐఎల్ఆర్ వచ్చాక, పిల్లలకు పద్దెనిమిది నిండేలోపు రిజిస్టర్ చేయించవచ్చు. పుట్టినప్పటి నుంచి మొదటి పదేళ్ళు ఇక్కడే పెరిగితే ఆ దారి కూడా ఉంది. కానీ బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. భారత జట్టులో భారత పౌరులే ఆడాలని కేంద్ర ప్రభుత్వం 2008లోనే తేల్చింది. ఒక దేశం తరఫున ఆడి ఇంకో దేశానికి మారితే మామూలుగా మూడేళ్ళు ఆగాలి. పద్నాలుగేళ్ళకే పతకాలు వచ్చే ఆటలో మూడేళ్ళంటే తక్కువ కాదు. స్థానిక క్లబ్బులో ఆడడానికి మాత్రం ఏ పాస్‌పోర్టైనా ఫరవాలేదు.

ఇక నా దృష్టిలో తెలుగు కుటుంబాలు నిజంగా ప్రయత్నించాల్సింది రెండో సంచి. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడు సంఘాలని మన మీద జోకు ఉండనే ఉంది, ఇక్కడ ఆ గుణం పనికొస్తుంది! స్పోర్ట్ ఇంగ్లండ్ మూవ్‌మెంట్ ఫండ్ కింద చిన్న క్లబ్బులకు 15,000 పౌండ్ల దాకా ఇస్తుంది. దానికి పెద్ద కంపెనీ అవసరం లేదు. రాతపూర్వకమైన నియమావళి, క్లబ్బు మూతపడితే మిగిలిన ఆస్తి ఎవరికి పోతుందో చెప్పే షరతు, క్లబ్బు పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. సంతకాలు చేసే ఇద్దరూ బంధువులై ఉండకూడదు. అంటే భార్యాభర్తలు, బావా బావమరుదులు కుదరదు. మన సంఘాలు చాలావాటికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. పిల్లలతో పనిచేసేవాళ్ళకు డీబీఎస్ తనిఖీ, పిల్లల భద్రత చూసే వెల్ఫేర్ ఆఫీసర్ కూడా తప్పనిసరి అనుకోండి.

అప్లికేషన్‌లో "మా అమ్మాయి ఛాంపియన్ అవుతుంది" అని రాస్తే లాభం లేదు. దక్షిణాసియా స్త్రీలు, ఆడపిల్లలు క్రీడల్లో వెనకబడ్డారని స్పోర్ట్ ఇంగ్లండ్ సర్వేలే చెబుతున్నాయి. శనివారం పొద్దున రెండు గంటలు ఆడపిల్లలకే ప్రత్యేకంగా సెషన్, బోర్డులు, హెల్మెట్లు క్లబ్బువే, కోచ్ ఖర్చు ఇంత, ఏ వీధుల నుంచి ఎంతమంది వస్తారు, ఇలా రాయాలి. వాళ్ళు వెతుకుతున్నది మన ఇళ్ళలోనే ఉంది. ఆ సంగతి మనం చెప్పుకోవాలి, అంతే. క్లబ్బు నిలదొక్కుకున్నాక హెచ్ఎంఆర్‌సీ దగ్గర సీఏఎస్‌సీగా నమోదు చేసుకుంటే పన్ను కట్టేవాళ్ళు ఇచ్చే ప్రతి పౌండు విరాళానికీ 25 పెన్నీలు అదనంగా వస్తాయి.

కాంక్రీటు పార్కు కావాలంటే మాత్రం పారిష్ కౌన్సిల్ దగ్గరికే వెళ్ళాలి. ఊళ్ళో కొత్త ఇళ్ళు కట్టే బిల్డర్లు కట్టే సీఐఎల్ అనే రుసుములో 15 శాతం పారిష్‌కు వస్తుంది, నైబర్‌హుడ్ ప్లాన్ ఆమోదించుకున్న ఊరికైతే 25 శాతం. కొన్ని చోట్ల సెక్షన్ 106 ఒప్పందాల్లోనే ఆటస్థలానికి డబ్బు రాసి ఉంటుంది. అది ఖర్చు కాకుండా పడి ఉందేమో అడగండి, అడిగే హక్కు ప్రతి నివాసికీ ఉంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక మాట. అక్కడ ఒలింపిక్ జట్టుకు ఫెడరల్ ప్రభుత్వం నేరుగా డబ్బివ్వదు. 1978 నాటి చట్టం ఆటకొక జాతీయ సంఘాన్ని గుర్తించే అధికారం ఒలింపిక్ కమిటీకి ఇచ్చిందే గానీ, డబ్బు మాత్రం టీవీ హక్కులు, స్పాన్సర్లు, విరాళాలే. ప్రభుత్వ సొమ్ము కావాలంటే మీ సిటీ పార్క్స్ డిపార్ట్‌మెంటే దిక్కు. ఇండియాలో స్కేట్‌బోర్డింగ్ రోలర్ స్కేటింగ్ సమాఖ్య గొడుగు కిందే ఉంది. ఆ సమాఖ్య ఆటల్లోనే మన హైదరాబాద్ అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడల్లో కాంస్యాలు గెలిచి, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ కూడా ఉంది.

పారిష్ కౌన్సిల్ సమావేశాల్లో మామూలుగా ఊరివాళ్ళు మాట్లాడడానికి కొంత సమయం ఉంటుంది. తేదీలు నోటీసు బోర్డు మీద పెడతారు. పెద్దవాళ్ళు మాట్లాడడం కంటే పిల్లలనే బోర్డులతో సహా తీసుకెళ్ళి మాట్లాడించండి. బడ్జెట్ సాధారణంగా చలికాలంలో ఖాయం చేస్తారు కాబట్టి అక్టోబరు దాటకముందే వెళ్ళడం మేలు.