సిల్తారా–కిరండూల్: దూరం, విమాన ప్రయాణ సమయం

సిల్తారా రాయ్‌పూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ దారిలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం. ఇది గనుల ఊరు కాదు, ఖనిజాన్ని స్పాంజ్ ఐరన్‌గా, ఉక్కుగా మార్చే చోటు. కిరండూల్ దంతేవాడ జిల్లాలో, బైలదిల్లా కొండల కింద, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ సంస్థ ఇనుప గనుల పట్టణం. రెంటి మధ్య సరళరేఖా దూరం సుమారు 310 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చిన్న విమానానికి లెక్కప్రకారం 40 నిమిషాలు చాలు. ఈ అంకె తప్పు కాదు గానీ, ప్రయాణికుడికి పనికొచ్చేదీ కాదు. సిల్తారా వాసి విమానం ఎక్కాలంటే రాయ్‌పూర్ నగరం దాటి అవతల ఉన్న మానా విమానాశ్రయం చేరాలి. అటువైపు దిగేది జగదల్‌పూర్‌లో; అక్కడి నుంచి గనులకు ఇంకా 100 కిలోమీటర్లకు పైనే.

సరళరేఖ లేకపోతే ఊళ్ల దూరాలను పోల్చేదెలా అని అడగవచ్చు. పటం మీద పోల్చడానికి అది సరే. అయితే కిరండూల్ ఉన్న బస్తర్‌లో దూరాన్ని తేల్చేది దారి. రోడ్డు మార్గం 400 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో కేశ్‌కాల్ ఘాట్ మలుపులు. రైలుదైతే మరీ విచిత్రం: 1960లలో జపాన్‌కు ఖనిజం పంపేందుకు వేసిన కొత్తవలస–కిరండూల్ లైను విశాఖ వైపు చూస్తుంది, రాయ్‌పూర్ వైపు కాదు. అందుకే రాయ్‌పూర్ వైపు వచ్చే ఖనిజం కోరాపుట్, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఒడిశా చుట్టి చేరుతుంది.