నేసిందెవరు? సొమ్మెవరిది?

గ్వాటెమాలా మాయా ఆదివాసీ స్త్రీ నడుముకు కట్టుకునే మగ్గం మీద నేసిన విపీల్ రవికను చూస్తే ఆమెది ఏ ఊరో తెలిసిపోతుంది. 1960-96 అంతర్యుద్ధంలో ఆ గుర్తే ప్రాణాల మీదకు తెచ్చింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, మాయమయ్యారు. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలే. సైన్యానికి భయపడి ఎందరో ఆ బట్ట కట్టడమే మానుకున్నారు.

ఆ యుద్ధకాలంలోనే, 1988లో, అయినవాళ్లను పోగొట్టుకున్న స్త్రీలు కెత్సాల్తెనాంగోలో త్రామా సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ నేతే వాళ్లకు కూడుపెట్టింది. కానీ బట్టకు గిరాకీ పెరిగేకొద్దీ కంపెనీలు వాళ్ల డిజైన్లను కాపీకొట్టి అమ్ముకోసాగాయి. 2016లో నేత స్త్రీలు రాజ్యాంగ న్యాయస్థానం మెట్లెక్కారు. చట్టం చెయ్యమని 2017లో కోర్టు అక్కడి చట్టసభకు సూచించింది.

వాళ్లడిగింది జాలి కాదు, డిజైన్ల మీద సమష్టి హక్కు. నాలుగు బట్టలు కొని ఉద్ధరించామనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.