దివాన్ తరువాత ఎవరు?
సాలార్‌జంగ్ కొలువు – వారసత్వపు చిక్కు

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కల్లూరు దాటి సత్తుపల్లికి పోయే దారిలో పెనుబల్లి ఉంది. ఉత్తరాన కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు అడవి. దక్షిణాన తిరువూరు వైపు నడిస్తే ఒకప్పటి ఇంగ్లీషు సర్కారు హద్దు. 1860 సంధి ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం కూడా ఇంగ్లీషువారి పరమైంది గనుక, ఆనాటి నుంచి 1948 దాకా ఈ ప్రాంతం నిజాం రాజ్యపు తూర్పు కొసగా మిగిలింది. హైదరాబాదు దర్బారులో ఎవరు దివానుగా ఉన్నారో ఇక్కడి రైతుకు నేరుగా తెలిసే వీలు లేదు. శిస్తు వసూలుకు వచ్చినవాడి ప్రవర్తనను బట్టి అతడికి దివాను సంగతి తెలిసేది.

దివాను అంటే నిజాం పేరు మీద రాజ్యభారమంతా మోసే ముఖ్య కార్యనిర్వాహకుడు. అటువంటి పదవికి మనిషిని ఎలా ఎన్నుకోవాలి, అతడి కింద పనిచేసేవారిని ఎక్కడి నుంచి తేవాలి, అతడు పోయిన నాడు ఆ స్థానంలో ఎవరు కూర్చోవాలి? ఈ మూడు ప్రశ్నలలో మొదటిదాన్ని హైదరాబాదు రాజ్యం చాలాకాలం అదృష్టానికి వదిలేసింది. రెండవదానికి మొదటి సాలార్‌జంగ్ చక్కని జవాబు చెప్పాడు. మూడవదానికి ఆయన వద్ద కూడా జవాబు లేకపోయింది.

ఆయనకు ముందున్న స్థితిని కొంచెం చూడాలి. 1843 వరకు సుమారు మూడున్నర దశాబ్దాలు పేష్కార్ చందూలాల్ చేతిలో పాలన నడిచింది. జిల్లాలను గుత్తకిచ్చేవారు. నజరానా ముందుగా చెల్లించినవాడు తాలూక్‌దారు. అంతకన్న ఎక్కువ ఇస్తానని ఇంకొకడు వస్తే మొదటివాడు దిగిపోవలసిందే. ఎన్నాళ్ళు ఉంటాడో తెలియనివాడు చేతికందినంత గుంజుకోక ఏం చేస్తాడు? చెరువు గట్టు తెగినా, ఊరు పాడుపడినా ఆ నష్టం తరువాత వచ్చేవాడిది. పదవికి భద్రత లేకపోవడం చివరకు రైతు మెడకు ఎలా చుట్టుకుంటుందో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. చందూలాల్ దిగిపోయిన తరువాతి పదేళ్ళలో పగ్గాలు ఎన్నో చేతులు మారాయి. సిరాజుల్ ముల్క్ ఒక్కడే 1846లో ఒకసారి, 1851లో ఇంకొకసారి దివాను అయ్యాడు. ఖజానా ఖాళీ, సైన్యానికి జీతాలు బాకీ. ఇంగ్లీషువారికి పడ్డ అప్పు కింద 1853 మే 21న బీరారును అప్పగించే సంధి జరిగింది. అయిదు రోజులకే సిరాజుల్ ముల్క్ మరణించాడు.

ఆయన అన్న కొడుకే మీర్ తురాబ్ అలీ ఖాన్, తరువాతి కాలపు సాలార్‌జంగ్. 1853 మే 31న దివాను అయ్యేనాటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు. అంతకు పూర్వం ఆయన పొందిన శిక్షణ ఏమిటని అడిగితే, తెలంగాణలో కొన్ని తాలూకాల మీద ఇంచుమించు ఎనిమిది నెలలు తాలూక్‌దారుగా పనిచేయడం, ఆపైన స్వంత జాగీరుల వ్యవహారం చూసుకోవడం, అంతే. ఆ తాలూకాలు అంతకుముందు డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి నిర్వహించినవి. అతడి పద్ధతులను ఈ యువకుడు దగ్గరగా గమనించాడు. పదవిని కోరుకున్నవాడు కాదు. కాదంటే కుటుంబానికి చేటు వస్తుందని పెద్దలు నచ్చజెప్పగా ఒప్పుకున్నాడు. ఎంపిక మంచిదే అయింది గాని, దాని వెనుక ఆలోచన ఏదో ఉందని చెప్పలేము.

ఇస్లామీయ రాజనీతి గ్రంథాలలో ఈ పదవిని గురించి నిశితమైన చర్చ ఉంది. 1058లో మరణించిన అల్ మావర్దీ తన ‘అల్ అహ్కాముస్సుల్తానియా’లో వజీరు పదవిని రెండు విధాలుగా విడదీశాడు. పాలకుడి అధికారాన్ని అప్పగింతగా పొంది స్వబుద్ధితో నడిపేది ‘విజారతె తఫ్వీజ్’. చెప్పింది చెప్పినట్లు అమలు జరిపేది ‘విజారతె తన్ఫీజ్’. మొదటి రకపు వజీరు దాదాపు పాలకుడు చేయగలిగినదంతా చేయవచ్చు. అయితే అతడి చేతికివ్వని కొద్ది విషయాలలో పాలకుడి వారసుణ్ణి నిర్ణయించడం ఒకటి. సాలార్‌జంగ్ స్థానం ఈ మొదటి రకానిదే. పాలకుడి వారసుడి మాట అటుంచితే, తన వారసుణ్ణి నిర్ణయించుకునే అధికారం కూడా ఆయనకు లేదు. అది నిజాముది, నిజాము వెనుక నిలబడ్డ రెసిడెంటుది.

ఇక మనుషులను తేవడంలో ఆయన చూపిన దక్షత. గుత్తలను ఒక్కసారిగా కాక క్రమంగా తీసివేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దారులను నియమించాడు. 1864లో మాల్‌గుజారీ మజ్లిసును ఏర్పరచాడు. 1865లో జిలాబందీ జరిగి రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడింది. జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీలుదారు. వసూలు చేసినదానిలో వాటా కాక నెల జీతం తీసుకునే మనిషి పెనుబల్లి వంటి మారుమూల ప్రాంతాలకు రావడం అప్పటి నుంచే. గ్రామంలో దేశ్‌ముఖ్, పట్వారీల పట్టు సడలలేదన్నది నిజమే. కాని పై మెట్టున ఉన్నవాడిని లెక్క అడగగల అధికారి ఒకడు ఏర్పడ్డాడు.

హజ్రత్ ఉమర్ (రజి) గవర్నర్లను పంపేటప్పుడు వారి ఆస్తులను ముందుగా లెక్క రాయించుకునేవారని చరిత్రకారులు చెబుతారు. పదవి వల్ల ఎంత పెరిగిందో తరువాత చూడడానికి అది కొలత. గుత్త విధానంలో అటువంటి కొలతకు తావే లేదు. గుత్తదారు లాభం ప్రభుత్వం ఒప్పుకున్న లాభమే గదా! జీతం ఏర్పడిన తరువాతనే లంచాన్ని లంచమని అనడం సాధ్యమైంది.

జీతగాళ్ళు కావాలంటే చదువుకున్నవారు కావాలి. 1850ల నడుమ దారుల్ ఉలూం స్థాపించాడు గాని, అక్కడి పంట చేతికి రావడానికి కాలం పడుతుంది. కొత్త పద్ధతిలో లెక్కలు, చట్టాలు తెలిసినవారు ఉత్తర హిందూస్థానంలో ఇంగ్లీషు కొలువులో ఉన్నారు. 1873లో లక్నో కానింగ్ కాలేజీలో అరబ్బీ బోధిస్తున్న సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీని పిలిపించుకున్నాడు. 1874లో మిర్జాపూరు డిప్యూటీ కలెక్టరు మెహదీ అలీ వచ్చాడు. నవాబ్ మొహ్సినుల్ ముల్క్ అన్న పేరుతో ప్రసిద్ధుడు ఈయనే. 1875లో ముష్తాక్ హుసేన్, అనగా వికారుల్ ముల్క్. 1877లో చిరాగ్ అలీ, డిప్యూటీ నజీర్ అహమద్. వీరిలో ఎక్కువమంది సర్ సయ్యద్ అహమద్ ఖాన్ మిత్రమండలికి చెందినవారు. కలం పట్టినా, శిస్తు లెక్క పట్టినా తీసిపోని ఇంతటి బృందం ఆనాడు ఏ దేశీయ సంస్థానంలోనూ కనిపించదు. మనిషి విలువను దూరం నుంచే పోల్చుకునే చూపు సాలార్‌జంగ్‌కు ఉన్నదని చెప్పడానికి ఈ పేర్లు చాలు.

అయితే వీరందరినీ కలిపి ఉంచిన దారం ఏది? ఆయన స్వంత వ్యక్తిత్వమే. ఎవరి పని ఎంతవరకు, ఇద్దరికి భేదం వస్తే తీర్పు ఎవరిది అన్న విషయాలు ఆయన గదిలో తేలేవి. ఆయనపై 1859లోను, 1868లోను హత్యాప్రయత్నాలు జరిగాయి. తాను లేని రోజు ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు రాలేదనుకోవడం కష్టం. నిజానికి 1868లో ఆయన చేసిన ఏర్పాటు ఒకటి ఈ దిశగా పడిన అడుగులా కనిపిస్తుంది. రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర వ్యవహారాలు అని నాలుగు శాఖలు చేసి, ఒక్కొక్కదానికి ఒక సదరుల్ మహాంను నియమించాడు. వారు పెద్ద ఇళ్ళవారు. న్యాయశాఖ పాయెగా వంశీకుడైన బషీరుద్దౌలాకు దక్కింది. ఈ పదవులే రేపటి దివానుకు పాఠశాల కాగలిగేవి. కాని అసలు పని కార్యదర్శుల చేతిలో, అసలు నిర్ణయం దివాను చేతిలో ఉండిపోగా, నడుమనున్న అమీరులకు మర్యాదే ఎక్కువ, అనుభవం తక్కువ అయింది.

ఆయన చేతులు కట్టివేయబడి ఉన్నాయన్నదీ మరువకూడదు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించి మూడేళ్ళ మహబూబ్ అలీ ఖాన్ నిజాము కాగా, సాలార్‌జంగ్ సహపాలకుడయ్యాడు. బీరారు తిరిగి ఇమ్మని అడగడానికి 1876లో ఇంగ్లండు వెళ్ళాడు. సన్మానాలు దొరికాయి, బీరారు దొరకలేదు. మరుసటి సంవత్సరం ఇంగ్లీషు ప్రభుత్వం ఆయనకు గిట్టని రషీదుద్దీన్ ఖాన్‌ను సహపాలకుడిగా కూర్చోబెట్టింది, ఆయన ఆంతరంగిక కార్యదర్శిని వెళ్ళగొట్టించింది. ఇటువంటి వాతావరణంలో ఎవరినైనా ‘నా తరువాత ఇతడు’ అని వేలెత్తి చూపితే, ఆ మనిషి ఒకవైపు దర్బారుకు, మరొకవైపు రెసిడెన్సీకి గురి అవుతాడు. చూపకపోతే ఏమవుతుందో 1883లో తెలిసింది.

ఆ సంవత్సరం ఫిబ్రవరి మొదటి వారంలో ఐరోపా రాజవంశీకుడైన ఒక అతిథికి మీర్ ఆలం చెరువు వద్ద విందు జరిగింది. వెంటనే సాలార్‌జంగ్‌కు కలరా సోకి ఫిబ్రవరి 8న కన్నుమూశాడు. వయస్సు 54. నిజాముకు ఇంకా పదిహేడు నిండలేదు. సాలార్‌జంగ్ పెద్ద కొడుకు మీర్ లాయక్ అలీకి ఇరవై. పేష్కార్ మహారాజా నరేంద్ర ప్రసాద్ అనుభవజ్ఞుడు, వృద్ధుడు. ఇద్దరినీ కలిపి పాలన అప్పగించారు. ఇద్దరి చేతిలో ఒక పగ్గం పెట్టడమంటే గుర్రాన్ని నిలబెట్టడమే. ఏడాదిలోగా కొలువంతా రెండు పక్షాలైంది. 1884 ఫిబ్రవరి 5న లార్డ్ రిప్పన్ సమక్షంలో నిజాము పట్టాభిషేకం జరిగి, లాయక్ అలీ రెండవ సాలార్‌జంగ్‌గా దివాను అయ్యాడు. 1887లో రాజీనామా ఇచ్చాడు. 1889లో మరణించాడు.

తండ్రి 24వ ఏట నెగ్గుకు రాగా కొడుకు ఎందుకు నెగ్గలేదని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. తెలివి తక్కువ కాదు. తండ్రికి దక్కింది ఖాళీ ఖజానా, కట్టవలసిన ఇల్లు. కొడుకుకు దక్కింది కట్టిన ఇల్లు, దానిలో తనకన్న రెట్టింపు వయస్సు, అనుభవం గల కార్యదర్శులు. పైగా తన వయస్సు వాడే అయిన నిజాము. శూన్యంలో పనిచేసిన యువకుడికి ఉన్న స్వేచ్ఛ, నిండు కచేరీలో కూర్చున్న యువకుడికి ఉండదు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) 644లో గాయపడి మరణశయ్య మీద ఉండగా ఆరుగురు సహాబీలతో షూరా ఏర్పరచి, తమలో ఒకరిని ఎన్నుకొమ్మన్నారు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సలహాలో పాల్గొనవచ్చును గాని, పదవికి పనికిరాడని ముందే చెప్పారు. ఆ ఉదాహరణ ముస్లిం రాజ్యాలలో కీర్తింపబడినంతగా ఆచరింపబడలేదు. సెల్జూకుల మహావజీరు నిజాముల్ ముల్క్ అంతటివాడు కూడా తన కొడుకులను సూబాల మీద నియమించాడు. ఇంతెందుకు, సాలార్‌జంగ్‌కు మనుషులను అందించిన సర్ సయ్యద్ స్వయంగా 1889లో అలీగఢ్ కాలేజీ నియమావళిలో తన కుమారుడు సయ్యద్ మహమూద్‌ను సంయుక్త కార్యదర్శిగా పెట్టించగా, పాత సహచరుడు మౌల్వీ సమీవుల్లా ఖాన్ విడిపోయాడు. 1898లో సర్ సయ్యద్ మరణించాక మహమూద్ చేతిలో ఆ పదవి ఏడాది కూడా నిలువలేదు. దాన్ని ఎత్తుకున్నది ఎవరు? 1893లో హైదరాబాదు విడువవలసి వచ్చిన మొహ్సినుల్ ముల్క్. 1907లో ఆయన తరువాత వికారుల్ ముల్క్. హైదరాబాదులో ఒకరి పక్కన ఒకరు నిలువలేకపోయినవారు అలీగఢ్‌లో ఒకరి తరువాత ఒకరు నిలిచారు!

హైదరాబాదులో 1887 తరువాత ఆస్మాన్ జా దివాను అయ్యాడు. ఈయనే నాటి న్యాయశాఖ సదరుల్ మహాం బషీరుద్దౌలా. 1893లో వికారుల్ ఉమరా, 1901లో మహారాజా కిషన్ ప్రసాద్. దివాను మారినప్పుడల్లా కార్యదర్శుల పక్షాలు మారేవి. అడ్డుకునే పెద్ద దిక్కు లేనప్పుడు జరిగే అనర్థానికి పెనుబల్లికి దూరం కాని ఇల్లెందు గనులే సాక్షి. 1886లో ఇచ్చిన గనుల హక్కు వ్యవహారంలో అబ్దుల్ హక్ అనే అధికారి, ప్రభుత్వం చేత కంపెనీ వాటాలు కొనిపించి స్వంత లాభం చేసుకున్నాడన్న ఆరోపణపై 1888లో లండను పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. అతడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సింగరేణి బొగ్గు చరిత్రలో మొదటి పుట ఇటువంటిది.

బయటి నుంచి పిలిపించినవారు తమ బంధుమిత్రులను వెంట తెచ్చుకున్నారు. దక్కనులో పుట్టినవారికి కొలువు దొరకడం లేదన్న బాధ అప్పుడే మొదలైంది. మొహ్సినుల్ ముల్క్ హయాంలో కచేరీలో ఫార్సీ స్థానంలో ఉర్దూ వచ్చింది. తెలుగు రైతుకు రెండూ సమానంగానే దూరం. ముల్కీ, గైర్ ముల్కీ అన్న మాటలు పదునెక్కాయి. 1919 ఫర్మానా ముల్కీని నిర్వచించింది. రాజ్యంలో పుట్టనివాడు పదిహేనేళ్ళు ఎడతెగక నివసించి, తిరిగి స్వస్థలానికి పోనని ప్రమాణపత్రం ఇవ్వాలి. అయినా అదే సంవత్సరం కొత్తగా ఏర్పడిన కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడిగా బీహారు నుంచి సర్ అలీ ఇమామ్‌ను పిలిచారు. తరువాత బొంబాయి వాడైన అక్బర్ హైదరీ, ఉత్తరాది చత్తారీ నవాబు, మైసూరు నుంచి మీర్జా ఇస్మాయిల్. చిన్న గుమాస్తాకు పదిహేనేళ్ళ నివాసం అడిగిన రాజ్యం పై కుర్చీకి మాత్రం తరచుగా బయటికే చూసింది.

ఆ నిబంధన నిజాము రాజ్యం కన్న ఎక్కువకాలం బతికింది. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదని మొదలైన ఆందోళన ఖమ్మం జిల్లా అంతటికీ, అక్కడి నుంచి తెలంగాణ అంతటికీ పాకింది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం పార్లమెంటు వాటిని రద్దు చేసింది.