చెవి మిషన్ డబ్బాలోనే ఉండిపోతోందా? సింగరేణి కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

గోదావరిఖని, రామగుండం కాలనీల్లో రిటైర్డ్ కార్మికులున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది: ‘‘మిషన్ ఉన్నది గానీ బాపు పెట్టుకోడు.’’ చెవి ఒరుసుకుపోతోందని, కూత పెడుతోందని, తల నొస్తోందని తీసి బీరువాలో పడేస్తారు. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు. అది ఆ చెవికి, ఆ వినికిడికి తగ్గట్టు అమరలేదు. దాన్ని సరిచేయించుకోవచ్చు.

బాయిలో డ్రిల్లు, బెల్టు, ఫ్యాన్ల దగ్గర, ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ల మీద ఏళ్లపాటు పనిచేసినవారి చెవుల్లో ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలు. స, త, క, చ లాంటి అక్షరాలు జారిపోతాయి. మోటు శబ్దాలు మాత్రం బాగానే చేరతాయి. ‘వినపడుతున్నది గానీ ఏమంటున్నరో తెలుస్తలేదు’ అనేది అందుకే. ఇలాంటి చెవిని మోల్డ్‌తో గట్టిగా మూసేస్తే సొంత గొంతే కుండలో మాట్లాడినట్టు మోగుతుంది. మోల్డ్‌లో గాలి రంధ్రం పెట్టడమో, వినికిడి స్థాయిని బట్టి చిల్లులున్న మెత్తటి సిలికాన్ డోమ్‌కు మారడమో దీనికి పరిష్కారం.

ఇంకో చిక్కు ఉంది. చిన్న శబ్దం అసలు వినపడదు, పెద్దది ఒక్కసారిగా గుచ్చుకుంటుంది. స్టీలు గిన్నె కింద పడితే మిషన్ పీకేయాలనిపిస్తుంది. వాల్యూమ్ తగ్గిస్తే మాటలూ తగ్గిపోతాయి. మిషన్ వదిలే గరిష్ఠ శబ్దాన్ని మాత్రమే తగ్గించమని ఆడియాలజిస్ట్‌ను అడగాలి.

కూత వస్తుంటే మోల్డ్ వదులైనా అయి ఉండాలి, చెవిలో గుబిలి నిండినా ఉండాలి, ట్యూబ్ పగిలినా ఉండాలి. కుడి ఎడమలు తారుమారైనా మోల్డ్ సరిగ్గా కూర్చోదు. ఎరుపు గుర్తు కుడి చెవికి, నీలం ఎడమకు. చెవి ఎర్రబడి పుండైతే వాడకం ఆపి మోల్డ్ సరిచేయించుకోవాలి. ఇంట్లో ఆకురాయితో అరగదీయొద్దు, చెవిలో నూనె పోయొద్దు. చీము కారుతుంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే.

మొదటి వారం ఇంట్లో, ఒక్కరితో మాట్లాడుతూ రోజుకు గంట, రెండు గంటలు చాలు. తర్వాత టీవీ. లక్ష్మీనగర్ బజారు ఆఖరున.

రామగుండం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! చెమట ట్యూబ్‌లోకి దిగితే శబ్దం మూగబోతుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. ఎండలో ఆరబెట్టకూడదు. తలనూనె రాసుకున్నాక చేతులు తుడుచుకునే మిషన్ ముట్టుకోవాలి, మైక్ రంధ్రాలు పూడుకుపోతాయి.

ఎక్కడ అడగాలి?

శబ్దం వల్ల వచ్చే చెవుడును గనుల చట్టం కింద 2011లో నోటిఫైడ్ వ్యాధుల్లో చేర్చారు. గనుల్లో ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్ హెచ్చరిక స్థాయి, 90 ప్రమాద స్థాయి. సర్వీసులో ఉన్నవారు పీఎంఈలో చేసిన ఆడియోగ్రామ్ కాపీ అడిగి దాచుకోవాలి. మిషన్ సెట్ చేయడానికి, రేపు పరిహారం అడగడానికి కూడా అదే ఆధారం. రిటైరైనవారు తమ మెడికల్ కార్డుపై మిషన్, మోల్డ్ ఖర్చు వస్తుందో లేదో కొనకముందే ఏరియా ఆసుపత్రిలో అడగడం మేలు.

కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఏడిప్ పథకంలో 40 శాతం వైకల్య ధ్రువపత్రం, నెలకు రూ.22,500 లోపు ఆదాయం ఉంటే మిషన్ ఉచితం. 60 ఏళ్లు దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో దాన్ని ప్రారంభించింది మన నెల్లూరులోనే. ఈ రెండు పథకాల కింద అలిమ్‌కో శిబిరాల్లో మిషన్లు ఇస్తారు. అయితే శిబిరంలో ఒక్కరోజులో చేతికొచ్చిన మిషన్‌కు ఆ తర్వాత సర్దుబాటు తప్పనిసరి. దగ్గర్లో కుదరకపోతే హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

వెళ్లేటప్పుడు మిషన్, మోల్డ్, పాత ఆడియోగ్రామ్ వెంట ఉండాలి. ఏ శబ్దం గుచ్చుకుంటోందో, ఎవరి మాట తెలియట్లేదో కాగితం మీద రాసుకోండి. ఇంట్లో రోజూ ఆయనతో మాట్లాడే మనిషిని తోడు తీసుకెళ్లండి. చాలాసార్లు ఆ మనిషి గొంతుతోనే సెట్టింగ్ పరీక్షించవచ్చు.