త్యాగరాయ నగరం: వీధి ఎవరిది?

మద్రాసు త్యాగరాయ నగరంలో తిరిగే తెలుగు విద్యార్థికి అక్కడి పేర్లు కొత్తవి కావు. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు, మద్రాసు కార్పొరేషనుకు అనధికార సభ్యుల్లోంచి వచ్చిన తొలి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరిట ఆ పేట వెలసింది. నడుమ ఉన్న ఉద్యానవనానికి పానగల్ రాజా పానుగంటి రామారాయణింగారి పేరు పెట్టారు. ఆయన 1921 నుండి 1926 వరకు రాష్ట్ర ప్రథమ మంత్రి. అయితే పేర్లతో ఆగితే ఆ పేట చరిత్ర సగమే తెలిసినట్లు.

1920 నాటి నగర నిర్మాణ చట్టం వచ్చిన తర్వాత, 1923 ప్రాంతంలో మాంబళం చెరువును పూడ్చి ఈ పేటను తీర్చారు. ఒక ప్రక్క మాంబళం రైలు స్టేషను, మధ్య పార్కు, దాని చుట్టూ వీధులు. 1931లో బీచి నుండి తాంబరం వరకు విద్యుత్ రైళ్లు నడవసాగాయి. రైలు దిగి బజారుకు నడిచిపోవడం ఇక్కడి జీవితంలో భాగమైంది.

తర్వాత కాలం మారింది. 1895లో మొదలైన మద్రాసు ట్రాములు 1953లో ఆగిపోయాయి. మోటారు వాహనాలు పెరిగాయి. పాండీ బజారులో రోడ్డు అంచులు కార్లకు, స్కూటర్లకు నిలుపు స్థలాలయ్యాయి. నడిచేవారు బండ్ల మధ్య దారి వెతుక్కోవలసి వచ్చింది. రోడ్డు మీద ఊరికే నిలిపిన కారు ప్రజల స్థలాన్ని అద్దె లేకుండా వాడుకుంటున్నదని ఎవరికీ తోచలేదు.

2014లో చెన్నై కార్పొరేషను మోటారేతర రవాణా విధానాన్ని ఆమోదించింది. నడిచేవారికీ సైకిళ్లకూ తొలి స్థానం ఇవ్వాలన్నది దాని సారాంశం. దాని ఫలితం 2019 నవంబరులో పాండీ బజారులో కంటికి కనిపించింది. వాహనాల దారిని తగ్గించి, కాలిబాటలను వెడల్పు చేసి, కూర్చునేందుకు బల్లలు వేశారు. బండ్ల కోసం సమీపంలో పలు అంతస్తుల పార్కింగు భవనం కట్టారు. 2023లో మాంబళం స్టేషను నుండి బస్ స్టాండు వరకు సుమారు 570 మీటర్ల ఆకాశమార్గం తెరిచారు. పార్కింగును క్రమపరచడం, రైలును బస్సును కలపడం రెండూ జతగా సాగితేనే నడక సులభమవుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

బండి నిలిపే చోటు పోతే బేరం పోతుందన్నది వర్తకుల భయం. ఆ భయానికి జవాబు దూరాన లేదు. స్టేషను పక్కనే ఉన్న రంగనాథన్ వీధిలో కారు దూరడమే కష్టం. అయినా పండుగ రోజుల్లో అక్కడ అడుగు పెట్టేందుకు చోటుండదు. కొనుగోలుదారును తెచ్చేది కారు కాదు, కాళ్లు.

అయితే ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. కాలిబాట వెడల్పయితే సరిపోదు. దాని మీదే బ్రతుకు వెళ్లదీసిన చిరు వ్యాపారులకు కూడా అందులో చోటుండాలి. వీధి నడిచేవారిదంటే, వారిదీ అనే అర్థం.

మీరు నివసించే ఊరిలోనూ ఒక పాత పేట ఉంటుంది. దాని పేరు ఎవరిదో తెలుసుకోండి. ఆపైన ఆ వీధిలో ఒక గంట నిలబడి, ఎంత భాగం నిలిచిన బండ్లకు, ఎంత భాగం మనుషులకు మిగిలిందో కొలిచి చూడండి. అది కూడా చరిత్ర పాఠమే.