ఆలయము లేని ఆరాధన

క్రీ. శ. 70వ సంవత్సరమున టైటస్ నడిపిన రోమను సేనలు యెరూషలేమును పట్టుకొనెను. యూదుల దేవాలయము దగ్ధమయ్యెను. బలులర్పించుటకు వారికి అదియొక్కటే స్థానము. అది పోయిన పిమ్మట ఆ మతము నిలుచుట యెట్లు?

ముట్టడి సాగుచుండగా యోహానాన్ బెన్ జక్కయి అను వృద్ధగురువు శవపేటికలో పరుండి, శిష్యులు మోయగా నగరము దాటెనని ఐతిహ్యము. యవ్నె పట్టణమును, అందలి పండితులను విడిచిపెట్టుడని ఆయన రోమనులను వేడెనట.

అచ్చట బలికి మారుగా ప్రార్థనయు, గ్రంథపఠనమును నెలకొనెను. మోషే పంచకాండములకు తోరా యని పేరు. నోటిపాఠముగా వచ్చిన ధర్మనిర్ణయములు సుమారు 200వ సంవత్సరమున మిష్నాగా కూర్పబడెను. దానిపై తరతరములు సాగిన చర్చయే తాల్ముదు. నెగ్గని వాదమునుగూడ అందు భద్రపరచిరి. ముందు తరముల న్యాయసభలకు అదియే అక్కరకు రావచ్చునని వారి తలంపు.

ఇంటికిని ఆలయపు గౌరవము వచ్చెను. శుక్రవారము ప్రొద్దు క్రుంకుటకు ముందు ఇల్లాలు దీపములు వెలిగింపగా విశ్రాంతిదినమునకు స్వాగతము. పస్కా పండుగనాడు కడగొట్టు బిడ్డ, ఈ రాత్రి విశేషమేమని అడుగును. పెద్దలు ఐగుప్తులోని దాస్యమును, విముక్తిని కథగా చెప్పుదురు.

1940లో వార్సా నగరమున నాజీలు యూదులను గోడలమధ్య బంధించిరి. బడులు మూతపడగా, బాలురు ఆకలితోనే ఇండ్లలో రహస్యముగా చదువుకొనిరి. వారిలో పెక్కురు 1942లో హతులైరి. పస్కా రాత్రి ప్రశ్న నేటికిని యూదు బిడ్డల నోట వినబడుచునే యున్నది.