రోజర్... విల్కో... అన్నా!

మొహం తెలీదు, ఊరు తెలీదు. పేరంటారా, "కిల్లర్" అనో "డెవిల్" అనో అటూ ఇటూ నాలుగు గీతలతో ఉంటుంది. ఐనా అర్ధరాత్రి ఒంటిగంటకి హెడ్‌ఫోన్లోంచి "అన్నా, నీ ఎనకాల ఒకడున్నడు" అని వినపడగానే మారుమాట్లాడకుండా వెనక్కి తిరుగుతాం. ఆఫీసులో ఆరేళ్ళుగా పక్క సీట్లో కూర్చున్నవాడు చెప్తే మాత్రం "ఏదీ, ఆ లాగ్ ఫైల్ ఒకసారి చూపించు" అంటాం! ఆన్‌లైన్ ఆటల్లో మైకు పెట్టుకుని పరాయివాళ్ళతో జట్టు కట్టడం మా మేడ్చల్ రోడ్డు హాస్టళ్ళలో ఇవాళ టీ తాగినంత మామూలు సంగతి. దీనికో పాతికేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కడ దారి తప్పామన్న దాని మీద నాకో అభిప్రాయమూ ఉంది.

నన్నడిగితే ఈ కథ కంప్యూటర్లతో కాదు, విమానాలతో మొదలవ్వాలి. 1990ల చివర్లో ఆటగాళ్ళ కోసం వచ్చిన తొలి వాయిస్ చాట్ సాఫ్ట్‌వేర్లలో ఒకదాని పేరు 'రోజర్ విల్కో'. రెండూ వైర్‌లెస్ మాటలే. రోజర్ అంటే "నువ్వు చెప్పింది అందింది", విల్కో అంటే "అలాగే చేస్తాను". (ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు మన స్టేటస్ మీటింగుల్లో బోలెడుమంది. రోజర్ అన్నంత మాత్రాన పని చేస్తానని ఒప్పుకున్నట్టు కాదు మహాప్రభో!)

మా వైపు ఈ మాటలు మా నెత్తి మీద నుంచే పోతుంటాయి. ఒకపక్క దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఇంకోపక్క శామీర్‌పేట వెళ్ళే దారిలో హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. టవర్లో కూర్చున్నవాడూ, పైన ఎగురుతున్నవాడూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవచ్చు. ఐనా పని జరుగుతుంది. ఎలాగంటే, మాటలు ముందే ఖాయమై ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాడు నోరు మూసుకోవాలి, ఎందుకంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరూ బటన్ నొక్కితే ఇద్దరిదీ వినపడదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి గొంతుకీ ఒక కాల్ సైన్ ఉంటుంది. ఎవడు కూశాడో తెలుస్తుంది.

హామ్ రేడియో వాళ్ళదీ ఇదే పద్ధతి, అదీ మన హైదరాబాదుకి బాగా తెలిసిన వ్యవహారమే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచీ ఇక్కడే ఉంది. ఆ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబర్‌లో తన జట్టుతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడుతుండగా సునామీ వచ్చింది. సరదా కాస్తా అత్యవసర సేవ అయింది. అండమాన్ నుంచి "మావాళ్ళు క్షేమమేనా" అన్న కబుర్లు అటూ ఇటూ చేరవేసింది ముక్కూమొహం తెలీని గొంతులే. లైసెన్సు ఉన్న గొంతులు, అది గుర్తుపెట్టుకోండి.

సరే, ఆటల్లోకి వద్దాం.

2000ల మొదట్లో మన నెట్ కేఫుల్లో కౌంటర్-స్ట్రైక్ ఆడినవాళ్ళకి వాయిస్ చాట్‌తో పనే లేదు. ఎనిమిది కంప్యూటర్లు, రెండు వరసలు, గొంతు చించుకుని అరవడమే. అందరూ ఒకే క్లాసువాళ్ళు. ఓడినవాడు సమోసాలు కొనాలి. అప్పట్లో పరాయి గొంతు వినాలంటే యాహూ చాట్ రూములే దిక్కు. అక్కడ 'టాక్' బటన్ పట్టుకుని ఎవరో ఒకరు పాటలు పాడేవాడు, ఇంకోడు తిట్టేవాడు, మూడోవాడు "ఏఎస్ఎల్ ప్లీజ్" అని దేబిరించేవాడు. చెయ్యడానికి పనేమీ లేకుండా పరాయివాళ్ళని ఒక గదిలో పడేస్తే ఇంతకంటే జరిగేదేముంది?

అదే టైములో బయటి ప్రపంచంలో టీమ్‌స్పీక్ (2001), వెంట్రిలో (2002) వచ్చాయి. ఐతే వాటి సర్వర్ అడ్రసు తెలిసినవాడే లోపలికి రాగలడు, అంటే అవి మళ్ళీ స్నేహితుల గుంపులే. అసలు మలుపు 2002 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ లైవ్. కిట్‌తో పాటే హెడ్‌సెట్ పెట్టి అమ్మారు. మ్యాచ్‌మేకింగ్ నలుగురు అపరిచితుల్ని కలుపుతుంది, మైకు అప్పటికే చెవికి తగిలించి ఉంటుంది. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిన మనవాళ్ళు అపార్ట్‌మెంట్లలో హేలో 2 ఆడుతూ స్కూలు పిల్లల చేత తిట్లు తిన్న కాలం అదే.

ఇక్కడ మనం ఏం చేస్తున్నాం? 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్‌నే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా ఫ్రీ అంటే అలారం పెట్టుకుని లేచినవాళ్ళం మనం. నిజానికి గొంతుకి అంత బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు. 2003లో 1.0 వెర్షన్‌కి చేరిన స్పీక్స్ కోడెక్ అయినా, 2012లో ప్రమాణంగా మారిన ఓపస్ అయినా, పది ఇరవై కేబీపీఎస్‌లో శుభ్రంగా పని కానిచ్చేస్తాయి. గొడవంతా ఆలస్యంతోనే. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని ఐటీయూ సిఫారసు. అది దాటిన కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఆగి, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు. ఆన్‌సైట్ కాల్స్‌లో మనకి అలవాటైన భాగోతమే! "ఎనిమీ ఎడమపక్క" అన్న మాట అర సెకను ఆలస్యమైతే అది సమాచారం కాదు, సంతాపం.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా ధర గొడవ తీరింది. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్ వచ్చాక ఆడటానికి కంప్యూటర్ కూడా అక్కర్లేకపోయింది. వంద మంది విమానంలోంచి దూకుతారు, నలుగురు ఒక స్క్వాడ్, మీకు ముగ్గురు లేకపోతే ఆటే ముగ్గురు ర్యాండమ్ మనుషుల్ని తెచ్చి పడేస్తుంది. మైకు ఫోన్లోనే ఉంది. ఏడాది తిరిగేసరికి, 2019 మార్చి 10న, ఆ ఆట జాతీయ పోటీ ఫైనల్ మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే జరిగింది. సోల్ అనే జట్టు గెలిచి ముప్ఫై లక్షలు పట్టుకెళ్ళింది. అంతకు ముందు జనవరిలోనే సాక్షాత్తూ ప్రధానమంత్రి పరీక్షల మీద పిల్లలతో మాట్లాడుతూ ఒక తల్లి ఫిర్యాదు విని "పబ్‌జీ వాడా" అని అడిగేశారు.

మా మేడ్చల్, శామీర్‌పేట సంగతి ప్రత్యేకం. మైసమ్మగూడ, కండ్లకోయ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్ళు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ, మందుల కంపెనీలు, గోడౌన్లు. నాగపూర్ హైవే మీదుగా కామారెడ్డి, నిజామాబాద్ పిల్లలు, రాజీవ్ రహదారి మీదుగా సిద్దిపేట, కరీంనగర్ పిల్లలు, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, ఇంకా జార్ఖండ్, బీహార్, ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ళు. వీళ్ళంతా రాత్రిపూట చేసే పని ఒకటే. పక్క మండలం పేరు తెలీనివాడు కూడా పోచింకిలో ఏ ఇంట్లో ఏ తుపాకీ దొరుకుతుందో చెప్పగలడు.

ఇక్కడ పుట్టిన మైకు భాష గురించి ఎవరైనా పీహెచ్‌డీ చెయ్యాలి. ఆట ప్రతివాడికీ ఒకటి నుంచి నాలుగు దాకా నంబరు ఇస్తుంది. ఇంగ్లీషువాడు నంబరుతో సరిపెట్టుకుంటాడు. మనవాడు ఊరుకుంటాడా? "మూడో నంబర్ అన్నా, జర రివైవ్ చెయ్యి" అంటాడు. బస్సులో కండక్టర్ని, బండి మీద టిఫిన్ అమ్మేవాడిని ఏ చుట్టరికంతో పిలుస్తామో అదే ఇక్కడా. "అన్నా" అన్నాక సాయం చెయ్యకపోవడం కొంచెం కష్టం. అందులో ఆజ్ఞ ఉంది, బతిమాలడమూ ఉంది. నలుగురిలో ఒకడు హిందీవాడైతే క్షణంలో అందరూ హైదరాబాదీ హిందీలోకి మారిపోతారు, ఆ "అన్నా" కాస్తా "భాయ్" అవుతుంది. చిక్కల్లా గొంతు వయసుని దాచదు. ఒకడు నా గొంతు విని, "అంకుల్, మీరు ఇంట్లనే కూసోండి, మేం చూస్కుంటం" అన్నాడు. చూసుకోలేదనుకోండి. రెండు నిమిషాల్లో ముగ్గురూ పోయారు.

ఇప్పుడు నా అభిప్రాయం. రేడియో నుంచి ఆటలు గొంతుని తీసుకున్నాయి, ఖాయమైన పొట్టి మాటల్ని ఆటగాళ్ళే తయారుచేసుకున్నారు. వదిలేసింది ఒక్కటే: ఎవడు ఎప్పుడు మాట్లాడాలన్న నియమం. నేను గమనించినంతలో ఆట నడుస్తున్నప్పుడు తిట్లు తక్కువ, అందరికీ పని ఉంటుంది కనక. తిట్లు మొదలయ్యేది ముందుగా చచ్చినవాడి దగ్గర. వాడికి పని లేదు, మైకు ఉంది. అంటే వాడు మళ్ళీ యాహూ చాట్ రూములో కూర్చున్నట్టే. పాత కౌంటర్-స్ట్రైక్‌లో ఈ సమస్యకి ఒక మొరటు పరిష్కారం ఉండేది: చచ్చినవాళ్ళ మాట బతికున్నవాళ్ళకి వినపడదు. తర్వాత వచ్చిన సీఎస్:గో పోటీ ఆటల్లో ఆ గోడ తీసేశారు, పబ్‌జీలో అసలు కట్టనేలేదు. చంపినవాడు ఎక్కడున్నాడో చచ్చినవాడికే తెలుసు కదా అన్న వాదన ఒకటుంది. ఒప్పుకుంటాను. ఐదు సెకన్లు ఇవ్వండి, చెప్పేది చెప్పి పొమ్మనండి. స్నేహితులు నలుగురూ కలిసి ఆడుతుంటే గోడ అక్కర్లేదు, ర్యాండమ్ జట్టు అయితే పెట్టండి. ఇదేం రాకెట్ సైన్సు కాదు, ఒక బూలియన్, ఒక టైమరు.

ఇంత పట్టింపెందుకంటారా? ఆ గోడ లేకపోవడం వల్ల జట్టులో కొందరు అసలు మైకే తియ్యరు, ముఖ్యంగా ఆడపిల్లలు. 2013లో కుజ్నెకాఫ్, రోజ్ అని ఇద్దరు పరిశోధకులు హేలో 3లో ముందే రికార్డు చేసిన మగ గొంతు, ఆడ గొంతు వినిపించి చూశారు. రెండూ పలికింది అవే మాటలు. ఆడ గొంతుకి మూడింతల వ్యతిరేక వ్యాఖ్యలు వచ్చాయి. 2015లో అదే కుజ్నెకాఫ్ ఇంకొకరితో కలిసి మళ్ళీ తవ్వితే, ఎక్కువ దురుసుగా ఉన్నది సరిగ్గా ఆడలేక వెనకబడ్డ మగాళ్ళని తేలింది. మా బంధువులమ్మాయి ఒకతి ఈ వైపు కాలేజీలోనే చదివింది. ఆటలో నాకంటే పది రెట్లు నయం. రెండేళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా ఆడింది. "మైకు తీస్తే ఆట ఆగిపోతుంది బాబాయ్, ఇంటర్వ్యూ మొదలవుతుంది" అంది. 2019 ఫిబ్రవరిలో అపెక్స్ లెజెండ్స్ ఒక్క బటన్‌తో "ఇక్కడ శత్రువు", "ఇక్కడ తుపాకీ" అని గుర్తు పెట్టే పింగ్ పద్ధతి తెచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కానీ గొంతు విప్పలేనివాళ్ళకి బటన్ ఇచ్చి పని అయిపోయిందనుకోవడం, వీధిలో కుక్కలున్నాయని ఇంటికి దొడ్డిదారి కట్టించుకున్నట్టుంది.

ఎందుకంటే గొంతు చేసే పని బటన్ చెయ్యదు. 2007లో విలియమ్స్ బృందం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడే గుంపుల్లో కొందరికి వాయిస్ ఇచ్చి, కొందరిని టైపింగ్‌తోనే వదిలేసి చూసింది. గొంతు విన్నవాళ్ళ మధ్య ఇష్టం, నమ్మకం ఎక్కువగా నిలిచాయి. నాకు దీనికి పరిశోధన అక్కర్లేదు.

2019 చివర్లో నాకొక ర్యాండమ్ కుర్రాడు తగిలాడు. హిందీలో మాట్లాడేవాడు, "భయ్యా" అనేవాడు, తుపాకీ గుళ్ళు అడక్కుండానే నా ముందు పడేసేవాడు. రోజూ ఓ గంట ఆడేవాళ్ళం. ఎక్కడివాడని నేనడగలేదు, వాడూ అడగలేదు. ఫిబ్రవరిలో నేను సెలవు పెట్టిన ఒక పొద్దున ఆడుతుంటే గుండ్లపోచంపల్లిలో మా ఇంటి మీద నుంచి శిక్షణ విమానం ఒకటి కిటికీలు అదిరేలా పోయింది. కాసేపటికి అదే మోత వాడి మైకులోంచి వినపడింది. ఇద్దరం ఆట ఆపేశాం. మీరెక్కడంటే మీరెక్కడ! వాడిది జార్ఖండ్, ఉండేది శామీర్‌పేటలో ఆరుగురితో ఒక గదిలో, పని ప్యాకింగ్ యూనిట్లో నైట్ షిఫ్టు. మా మధ్య దూరం పన్నెండు కిలోమీటర్లు. ఆ డేటా మాత్రం ఏ దేశపు సర్వర్ దాకా పోయి వస్తోందో!

ఒక ఆదివారం చెరువు దగ్గర కలుద్దామనుకున్నాం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. యూనిట్ మూసేశారు. మా పక్క హైవే మీద జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరానికి నడిచిపోవడం మేడ్చల్‌లో ఉన్నవాళ్ళందరం చూశాం. మే 1న లింగంపల్లి నుంచి హటియాకి దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. వాడికి అందులో చోటు దొరకలేదు, తర్వాతెప్పుడో ఇంకో రైల్లో వెళ్ళాడు. ఊరు చేరాక మళ్ళీ ఆటలో కనపడ్డాడు. సిగ్నల్ సరిగ్గా లేదు, మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. గుళ్ళు పడెయ్యడం మాత్రం మానలేదు.

సెప్టెంబర్ 2న ప్రభుత్వం పబ్‌జీతో సహా 118 యాప్‌లని నిషేధించింది, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది (2022 జూలైలో మళ్ళీ పోయి, 2023 మేలో మళ్ళీ వచ్చింది, అది వేరే సంగతి). పాత ఖాతాలో సామాను తెచ్చుకోవచ్చన్నారు. నా టోపీలు, చొక్కాలు, తుపాకీ రంగులు భద్రంగా వచ్చాయి. వాడి ఆట పేరు కొట్టి చూస్తే ఎవరూ దొరకలేదు. దానికి అటూ ఇటూ చుక్కలు, అంకెలు తగిలించి వెతికితే కొంతమంది దొరికారు. అందరికీ రిక్వెస్టులు పెట్టాను. ముగ్గురు ఒప్పుకున్నారు. ఒక్కొక్కరితో ఒక్కో ఆట ఆడి, బతిమాలి మైకు ఆన్ చేయించాను. మూడూ వేరే గొంతులు.